ముక్తేశ్వరం పంటు మీద నా కౌన్సెలింగు

ముందే చెప్పేస్తున్నాను. నాకు ఉన్నదున్నట్టు చెప్పడం చేతకాదు. పొద్దున్న చూసిన జానెడు చేప మధ్యాహ్నానికి బారెడవుతుంది, సాయంత్రానికి దానికి మీసాలొస్తాయి, పడుకునేవేళకి అది నన్ను పేరు పెట్టి పిలుస్తుంది. మా ఆవిడ నా మాటల్లో సగం కోసి పారేసి, మిగిలిన సగాన్ని రెండు రోజులు ఎండలో పెట్టి, అప్పుడు నమ్ముతుంది. ఇరవై ఏడేళ్ళు పదిమంది వ్యసనాలు మాన్పించే ఉద్యోగం చేసినవాణ్ణి, నా ఈ వ్యసనానికి మాత్రం మందు కనుక్కోలేకపోయేను.

మోకాళ్ళు ముందు రిటైరయ్యేయి. గడువు ఇంకా మూడేళ్ళుండగా వాటి వెనకాలే నేనూ అయిపోయేను. ఇప్పుడు కొత్తగా ఈ పనిలోకి వస్తున్న పిల్లలు ఫోన్లు చేసి "అనుభవాలు చెప్పండి సార్" అంటున్నారు కాబట్టి రాస్తున్నాను. దీన్లో చాలాచోట్ల పెంచుతాను, అది నా ఒంట్లో ఉంది. ఒక్కచోట మాత్రం పెంచడం కాదు, పూర్తిగా కల్పించేను. అదెక్కడో ఆఖర్న చెప్పేస్తాను.

కళ్ళజోళ్ళ కొట్టు పక్క గది

మా కేంద్రం అమలాపురంలో కాలవ గట్టు మీద ఒక గది. ఎంత చిన్నదంటే, వచ్చినవాడు గట్టిగా నిట్టూరిస్తే నా రిజిస్టర్లో పేజీ తిరిగేది. కిటికీలోంచి కాలవ నీళ్ళ మీది వెలుగు పైకప్పు మీద పడి, రోజంతా కదుల్తూ ఉండేది. దాన్ని చూస్తూ కూర్చుంటే గదే ఎటో తేలిపోతున్నట్టుండేది. నేను చాలామందికి సలహాలు సగం మెలకువలో, సగం ఆ వెలుగులో చెప్పేను.

బయట "మద్యపాన విముక్తి సలహా కేంద్రం" అని బోర్డు. ఆ బోర్డు పెట్టిన రోజు నుంచి వీధి తలుపులోంచి ఒక్కడూ రాలేదు. మా వైపు మనిషి తాగుతాడని తెలిస్తే పర్వాలేదు గానీ, మానడానికి వెళ్తున్నాడని తెలిస్తే మహా నామోషీ. అందుకని అందరూ పక్కనున్న కళ్ళజోళ్ళ కొట్లోకి వెళ్ళేవారు. రెండు ఫ్రేములు పెట్టి చూసుకుని, అద్దంలోంచి వీధి పరికించి, అప్పుడు మధ్య తలుపులోంచి మా గదిలోకి జారేవారు. ఆ కొట్టాయన అమ్మిన కళ్ళజోళ్ళలో సగం, చూపు దివ్యంగా ఉన్నవాళ్ళు కొన్నవే.

మా పైఅధికారి డాక్టరమ్మ గారు. వారానికి మూడు రోజులు ఆస్పత్రి నుంచి వచ్చేవారు. ఆవిడ మాటలు ఆవిడిచ్చే బిళ్ళల్లాగే ఉండేవి, చిన్నవీ చేదువీ. నేను చేరిన మొదటి మూడు నెలల్లో, "మానేస్తారా?" అని అడిగిన ప్రతివాడూ "ఆయ్" అన్నాడు, అంటే మా వైపు మర్యాదగా "అవునండి" అనడం. నేను పొంగిపోయి, వచ్చినవాళ్ళంతా మానేశారని రిపోర్టు రాసి ఇచ్చేను. ఆవిడ చదివి, మడిచి, నా జేబులో పెట్టేసేరు.

"ఏవండీ కౌన్సిలర్ గారూ, మీ ఊరివాళ్ళు ఎవరికైనా ఎదురుగా కాదని చెప్పడం మీరెప్పుడైనా విన్నారా?"

"లేదండి."

"మరి దీన్నేం చేసుకోమంటారు?"

మర్యాద కూడా ఒక దాక్కునే చోటేనని అప్పుడు తెలిసింది. కోపంగా వచ్చినవాడితో పని తేలిక. మర్యాదగా వచ్చినవాడు నవ్వుతూ, తలూపుతూ, మన చేతుల్లోంచి చేపలా వెళ్ళిపోతాడు. నాకు తగిలినవాళ్ళలో అందరికంటే మర్యాదస్తుడి సంగతి చెప్తాను. ఆయనొక్కడి కథ తెలిస్తే నా ఉద్యోగం మొత్తం తెలిసినట్టే.

చీర చదివిన మనిషి

ఒక మధ్యాహ్నం నాగమణి గారని ఒకావిడ వచ్చేరు. బండారులంకలో నేతపనివాళ్ళ ఇల్లు. కళ్ళజోళ్ళ కొట్లోంచి కాదు, వీధి తలుపులోంచి, తలెత్తుకుని వచ్చేరు. చంకలో సంచీ. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. సంచీలోంచి నేత చీరొకటి తీసి నా బల్ల మీద పరిచేరు. బల్ల చాలక అది నా ఒళ్ళోకి, అక్కణ్ణుంచి నేల మీదికి పారింది. లేత ఆకుపచ్చ. గోదావరి మీద పొద్దుటి మంచు పట్టినప్పుడు అవతలి ఒడ్డు తోటలు ఎలా కనిపిస్తాయో, సరిగ్గా ఆ రంగు.

"మావారు నేసిందండి. వేలు పెట్టి చూడండి మాస్టారూ."

చూసేను. నాకేం తెలుస్తుంది, మెత్తగా ఉంది.

"ఇదిగో, ఇక్కడ ఒత్తుగా ఉంది కదండి, ఆవేళ తాగలేదు. ఇక్కణ్ణుంచి పలచబడిందా, ఆవేళ తాగేరు. ఇది మళ్ళీ గట్టి. ఇక్కడ జానెడు చూడండి, దోమతెరలాగుంది. ఆవేళ మా మరిది వచ్చి ఏదో అన్నాడు."

వైద్యులు గుండె గీతల కాగితం చదివినట్టు ఆవిడ చీర చదివేరు. కొసకొచ్చేసరికి గట్టి తక్కువైపోయి, పలచన ఎక్కువైపోయింది. చివరి మూరలో నేతే కాదు, అంచు కూడా వంకరపోయింది. ఆవిడ చెయ్యి అక్కడే ఆగింది.

ఆవిడకి చీర చూడక్కర్లేదు కూడా. వంటింట్లో ఉండి మగ్గం చప్పుడు వింటే చాలు, లోపల ఎంతుందో చెప్పేస్తారు. ఆ చెవి గురించి ఒక్కమాట: పి.గన్నవరంలో కొబ్బరికాయ రాలితే బండారులంకలో కూర్చుని అది లేతదో ముదురుదో చెప్పగలరు. ఇది కొంచెం పెంచేను. మగ్గం సంగతి పెంచలేదు.

"ఇంట్లో ఎవరితోనైనా గొడవ పడతారాండి?" అన్నాను.

"ఆయనా? అన్నంలో రాయొస్తే రాయికి చెప్పుకుంటారండి క్షమించమని. అదే నా బాధ. తిట్టే మొగుడైతే నేనూ తిట్టేదాన్ని."

నా మొదటి తప్పు

ఆయన పేరు మల్లేశ్వరరావు. ఎలా రప్పించాలి? డాక్టరమ్మ గారి నియమం ఒకటుంది: మనిషి తనంతట తను రావాలి, మోసుకొచ్చినవాణ్ణి మళ్ళీ మోసుకెళ్ళాల్సిందే. నాకు అప్పటికి ఆవిడ కంటే నా తెలివి మీద నమ్మకమెక్కువ. "పక్కన కళ్ళజోళ్ళ కొట్టుందిగా. నేతపనివాళ్ళకి ఉచితంగా కళ్ళు పరీక్ష చేస్తున్నారని చెప్పి తీసుకురండి" అన్నాను నాగమణి గారితో. ఆవిడ సందేహంగా చూసేరు. నేను ధైర్యం చెప్పేను. అబద్ధాల్లో నాకున్న అనుభవం ఆవిడకి లేదు కదా.

తీసుకొచ్చేరు. సన్నటి మనిషి, ఇస్త్రీ చొక్కా, భుజం మీద తెల్లటి తువ్వాలు. కొట్లో అక్షరాల పటం ఆఖరి వరస దాకా గడగడా చదివేసేరు. తర్వాత మధ్య తలుపులోంచి తీసుకొచ్చి నా ముందు కూర్చోబెట్టేరు. నేను గొంతు సవరించుకుని, "మీ అలవాటు గురించి..." అన్నాను.

ఆయన నన్ను చూసేరు, భార్యని చూసేరు, పైకప్పు మీద కదుల్తున్న వెలుగుని చూసేరు. మొహంలో కోపం లేదు. లేచి, రెండు చేతులూ జోడించి, "చాలా సంతోషమండి, మీకు శ్రమిచ్చేను" అని వెళ్ళిపోయేరు. ఆ తర్వాత నెల రోజులు భార్యతో మాట్లాడలేదు. తాగుడు రెట్టింపయింది.

మోసం చేసి తెచ్చినవాడి దగ్గర మన గది తలుపే కాదు, వాళ్ళ ఇంటి తలుపు కూడా మూసుకుంటుంది. పిల్లలూ, ఈ ఒక్కటీ ఎక్కడైనా రాసి పెట్టుకోండి.

పంటు

నాగమణి గారు మళ్ళీ వచ్చేరు. నా మొహం చూడడానికి కాదు, డాక్టరమ్మ గారితో చెప్పడానికి. నేను మధ్యలో దూరేను.

"ఎక్కడ తాగుతారండి?"

"ఈ ఒడ్డున చుక్క ముట్టరండి. పరువు. మూడు గంటలకి బస్సెక్కి ముక్తేశ్వరం రేవుకెళ్తారు. పంటెక్కి ఆ దరికెళ్ళి, అక్కడ తాగి, మొహం కడుక్కుని, తిరుగు పంటులో వచ్చేస్తారు. ఈ ఊళ్ళో ఆయన తాగుతారంటే ఎవరూ నమ్మరండి. నన్నే అనుమానంగా చూస్తారు."

తాగడానికి గోదావరి దాటే మనిషి! మర్నాడు నేనూ ఆ వేళకి రేవుకెళ్ళి పంటెక్కేను.

చూడనివాళ్ళకి చెప్తున్నాను, పంటంటే రెండు పడవల మీద బల్లలు పరిచి, ఇంజను తగిలించిన వీధి అరుగు. మోటారు సైకిళ్ళు, పాల క్యాన్లు, అరటిగెలలు, పెళ్ళివారు, అన్నీ దాని మీదే. అక్కడ గోదావరి ఎంత వెడల్పంటే, ఈ దరిని గడ్డం గీయించుకుని ఎక్కినవాడికి ఆ దరి చేరేసరికి మళ్ళీ మొలుస్తుంది. నడిమికి వెళ్ళేక రెండు ఒడ్లూ సన్నటి చారలైపోతాయి. ఇంజను చప్పుడు చెవికి అలవాటైపోయి వినపడ్డం మానేస్తుంది. కదుల్తున్నది పంటో, నీళ్ళో, మనమో తెలీదు. ఏ ఊరివాళ్ళమో కూడా మర్చిపోతాం.

ఆయన ఒక పక్క బల్ల మీద కూర్చుని ఉన్నారు. నన్ను చూసి లేచేరు.

"రండి మాస్టారూ. కళ్ళు బాగానే పనిచేస్తున్నట్టున్నాయండి మీకు. ఇంత జనంలో నన్ను పట్టేసేరు."

"తప్పు చేసేనండి ఆవేళ" అన్నాను.

ఆయన భుజం మీది తువ్వాలు తీసి, పక్కన బల్ల దులిపి, "కూర్చోండి, తడిగా ఉంది" అన్నారు.

ఆవేళ నుంచి అదే మా గది. వెళ్ళేటప్పుడు అరగంట. అప్పటికింకా తాగలేదు, తాగాలని వెళ్తున్నారు. మనిషి తనతో తను నిజం మాట్లాడుకునేది సరిగ్గా ఆ మధ్యలోనే. నేను తాగుడు మాటెత్తలేదు. పడుగు గురించి, పేక గురించి, ఏ రంగు ఏ రంగు పక్కన పెడితే నిద్రలేస్తుందో అడిగేను. ఆ దరి రాగానే ఆయన దిగి వెళ్ళేవారు. నేను పంటు మీదే కూర్చునేవాణ్ణి. తిరిగొచ్చేటప్పుడు ఆయన మాట్లాడేవారు కాదు. నేనూ అడిగేవాణ్ణి కాదు. నేను రావడం ఆలస్యమైతే, పక్కన తువ్వాలు పరిచి నాకు చోటు ఉంచేవారు.

ఒకరోజు ఆయనే అన్నారు: "తాగితే చెయ్యి వణకదండి మాస్టారూ. ఇప్పుడు తాగకపోతే మగ్గం మీద పేక తోసే నాడె కూడా పట్టుకోలేను. తాగితే నేత పలచనైపోతుంది. ఏ చేత్తో నెయ్యమంటారు?"

ఇది డాక్టరమ్మ గారికి చెప్పాల్సిన మాట. నేను చెప్పలేదు. నా మనిషిని నేనే గెలుచుకొస్తానని మురిసిపోతున్నాను.

రెండో తప్పు

వరదొచ్చింది. ఎర్రనీళ్ళు. పంటు ఆపేసేరు. నాకు పండగే! గోదావరే నా తరఫున కౌన్సెలింగు చేస్తోందని ఎగురుకుంటూ బండారులంక వెళ్ళేను. "ఇదే సమయమండి, ఒక్క చుక్క కూడా వద్దు. రెండు రోజులు ఓర్చుకోండి" అన్నాను.

"ఆయ్" అన్నారు. ఈసారి నిజంగానే మాట నిలబెట్టుకున్నారు.

రెండో రోజు నాగమణి గారు వంటింట్లో ఉన్నారు. మగ్గం ఆడుతోంది, తడబడుతోంది, ఆడుతోంది. తర్వాత ఆగిపోయింది. ఆ ఆగడం వేరుగా ఉందన్నారు ఆవిడ తర్వాత. గరిటె వదిలేసి పరిగెత్తేసరికి ఆయన కాళ్ళు మగ్గం గుంటలో ఉండగానే పక్కకి ఒరిగిపోయేరు, ఒళ్ళంతా కొట్టుకుంటోంది. ఫిట్సు.

ఇందులో ఒక్క అక్షరం పెంచలేదు.

ఏళ్ళ తరబడి తాగిన ఒంటికి ఒక్కసారిగా మందు ఆపేస్తే ప్రాణం మీదికొస్తుంది. డాక్టరు కళ్ళముందు, మందులతో, కొన్నాళ్ళు ఆస్పత్రిలో ఉండి ఆపాలి. నాకు తెలుసు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. మురిపెంలో మర్చిపోయేను.

ఆస్పత్రి వరండాలో డాక్టరమ్మ గారు నన్ను నిలబెట్టేరు. తిడతారనుకున్నాను. "మందు మాన్పించేది నేను. మానేక మనిషి పక్కన కూర్చునేది మీరు. నా పని మీరు చెయ్యకండి. మీ పని నాకు రాదు" అన్నారు. అంతే. ఆ తర్వాత, "రోజూ పంటు మీద కూర్చుంటున్నారటగా. ఫైల్లో రాయండి, స్థలం అనేచోట పంటు అని" అన్నారు. నా ఉద్యోగంలో నాకొచ్చిన మెప్పు అదొక్కటే.

నాగమణి గారు మాత్రం మెచ్చుకోలేదు. ఆయన మంచం పక్కన నిలబడి, ఆయనకీ నాకూ కలిపి చెప్పేరు: "ఇంకోసారి ఆ మగ్గం అలా ఆగితే నేను పరిగెత్తలేనండి. నాకు ఓపిక లేదు. ఆలమూరులో మా అన్నయ్యగారింటికి పోతాను. మళ్ళీ రాను." గొంతు పెంచలేదు. మల్లేశ్వరరావు గారు దుప్పటి అంచు దారాలు లాగుతూ ఉండిపోయేరు.

గురువారాలు

రెండు వారాలకి ఇంటికొచ్చేరు. నెలన్నర బాగున్నారు. తర్వాత ఒకరోజు చీరలో జానెడు పలచబడింది. నాగమణి గారు పెట్టె దించి బట్టలు సర్దుకోవడం మొదలెట్టేరు. ఆయన మొదటిసారి, తనంతట తను, వీధి తలుపులోంచి, బోర్డు కిందుగా మా గదిలోకి వచ్చేరు.

"పంటు ఎక్కకుండా ఉండలేకపోతున్నానండి మాస్టారూ. తాగాలనొక్కటే కాదు. ఆ మధ్యకి వెళ్తే ఎవరూ ఉండరు కదండి."

ఈసారి డాక్టరమ్మ గారిని అడిగే, ఆయనతో పంటెక్కడానికి ఒప్పుకున్నాను. మందులు ఆవిడవి. గురువారం గురువారం పంటు నాది. నాగమణి గారిని పెట్టె సగం సర్ది ఉంచమన్నాం. ఆవిడ నిజంగానే అలాగే ఉంచేరు, మూత తీసే.

మొదటి గురువారం ఆ దరి రాగానే ఆయన లేచి నిలబడ్డారు, కూర్చున్నారు, మళ్ళీ లేచి దిగి వెళ్ళేరు. రెండో గురువారం దిగి, మందు కొట్టు దాకా వెళ్ళి, తిరిగొచ్చేరు. నేను ఊదించి చూడలేదు, వాసన చూడలేదు. మీరూ చూడకండి. అది పోలీసుల పని.

మూడో గురువారం. చలికాలం ఎండ. నీళ్ళ మీద పల్చటి మంచు ఇంకా పూర్తిగా లేవలేదు. అవతలి ఒడ్డు ఉందో, ఎవరో గీసి చెరిపేసేరో తెలీనట్టుంది. మేమిద్దరం పక్కపక్కన కూర్చున్నాం. పంటు రేవుకి తగిలింది. మోటారు సైకిళ్ళు దిగేయి. పాల క్యాన్లు దిగేయి. మనుషులంతా దిగిపోయేరు. ఆయన తన చేతులకేసి చూసుకుంటున్నారు. నేను నా చెయ్యి ఆయన చేతి మీద వేసేను. "ఇంకో రంగు చెప్పండి" అన్నాను. "ఏ రంగండి?" అన్నారు. "ఇప్పుడు నీళ్ళున్న రంగు." ఆయన ఆలోచించడం మొదలెట్టేరు. ఆలోచిస్తూండగానే తిరుగు జనం ఎక్కేసేరు, ఇంజను పలికింది, ఒడ్డు మా నుంచి మెల్లగా జరిగిపోయింది. ఆయన దిగలేదు.

మర్నాడు భార్యాభర్తలిద్దరూ మా గదికి వచ్చేరు. డాక్టరమ్మ గారి ముందు ఆయన నిలబడి, "నిన్న మాస్టారు నా పక్కనుండబట్టేనండి. లేకపోతే దిగిపోయేవాణ్ణి" అన్నారు. డాక్టరమ్మ గారు నాకేసి చూసేరు. నాగమణి గారు చేతులు జోడించేరు.

ఆ తర్వాత కూడా రెండుసార్లు జారేరు. రెండుసార్లూ ఆయనే వచ్చి చెప్పేరు. ఇప్పటికి చాలా ఏళ్ళు. మగ్గం ఆడుతూనే ఉంది. పెట్టె అటక మీదికెళ్ళిపోయింది. ఆ ఆకుపచ్చ చీర నాగమణి గారు అమ్మనివ్వలేదు, పలచబడ్డ చోట్లతో సహా కట్టుకుంటారు.

చెప్తానన్న సంగతి

మూడో గురువారం నేను పంటు మీద లేను.

ఆవేళ మా ఇంట్లో పనసపొట్టు కూర. రెండుసార్లు వడ్డించుకుని, ఐదు నిమిషాలు నడుం వాలుద్దామని పడుకున్నాను. పైన రాసిన మంచూ, చేతి మీద చెయ్యీ, నీళ్ళ రంగూ అన్నీ అప్పుడొచ్చిన కలే. లేచేసరికి నాలుగున్నర. మోకాళ్ళు తిట్టుకుంటూ రేవుకి చేరేసరికి పంటు తిరిగొచ్చి, కట్టేసి ఉంది. ఆయన అప్పటికే బస్సెక్కి వెళ్ళిపోయేరు. టికెట్లిచ్చే ఆయన ఒక్కడూ మెట్ల మీద కూర్చుని బీడీ కాల్చుకుంటున్నాడు.

"మీ నేతాయన ఈవేళ దిగలేదండి" అన్నాడు.

"ఒక్కడే ఉన్నాడా?"

"ఒక్కడేనండి. కానీ రెండు టికెట్లు తీసుకున్నాడు. పక్కన తువ్వాలు పరిచేడు. జనం కిక్కిరిసి ఉన్నారు కదండి, ఎవరో కూర్చోబోతే 'మాస్టారొస్తున్నారండి' అన్నాడు. ఆ దరెళ్ళేక కూడా తియ్యలేదు. అటేపు నుంచి మీరెలా వస్తారండి? అయినా తియ్యలేదు. తిరిగొచ్చేదాకా దాని మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు."

మర్నాడు గదిలో ఆయన ఆ మాట అంటున్నప్పుడు నాకేసి సూటిగా చూసేరు. వెక్కిరింపు లేదు. పక్కకి జరిగి చోటిచ్చినట్టు చూసేరు. నోరు తెరిచి నిజం చెప్పాలి. డాక్టరమ్మ గారు ఎదురు చూస్తున్నారు.

నేను "ఆయ్" అన్నాను.